తిమింగలం తల నుంచి గేర్‌బాక్స్‌లోకి

ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్‌లో పోసే ఎర్రటి ద్రవాన్ని మెకానిక్‌లు ఏటీఎఫ్ అంటారు. అది చేసే చాకిరీ చూస్తే ఆయిల్ అని సరిపెట్టలేం, ఒక విడిభాగం కిందే లెక్క. ఇంజన్ బలాన్ని గేర్లకు అందించేది అదే, క్లచ్ ప్లేట్లను నొక్కిపట్టేది అదే, వేడిని మోసుకెళ్లి కూలర్‌లో వదిలేదీ అదే.

ద్రవంతో బలాన్ని అందించే ఊహకు జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంట్ తీసుకున్నాడు, అదీ ఓడల కోసం. కార్లలో అది ఊపందుకున్నది 1939లో. జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థాంప్సన్ బృందం తయారుచేసిన హైడ్రామాటిక్ గేర్‌బాక్స్ ఆ ఏడాది ఓల్డ్స్‌మొబైల్ కార్లలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ ఎం5 ట్యాంకులను నడిపిందీ ఇదే.

అసలు చిక్కు క్లచ్ దగ్గరుంది. ఈ ప్లేట్లకు అంటించే పొర దాదాపు కాగితం లాంటిది. అది ఎప్పుడూ నూనెలో నానుతూనే పట్టు ఇవ్వాలి. నూనె మరీ జారుడైతే ప్లేట్లు జారి కాలిపోతాయి. జారుడు చాలకపోతే రెండు ప్లేట్లూ కలిసే ఆఖరి క్షణంలో పట్టు ఒక్కసారిగా పెరిగి కారు కుదుపుకు లోనవుతుంది. జారాలి, పట్టాలి కూడా! 1949లో జనరల్ మోటార్స్ తెచ్చిన టైప్ ఎ ద్రవంలో ఈ పని చేసింది స్పెర్మ్ తిమింగలం నూనె. అందులోని మైనపు అణువులు లోహానికి అంటిపెట్టుకుని ఆ కుదుపును మెత్తబరిచేవి. 1970లో అమెరికా ఈ తిమింగలాన్ని అంతరించే జీవుల జాబితాలో చేర్చింది. దాంతో రసాయన శాస్త్రవేత్తలు ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇవాళ డబ్బాల్లో దొరికే డెక్స్‌రాన్ వంటి ద్రవాల్లోని రసాయనాలు ఆ వెతుకులాటలోంచి వచ్చినవే.

ఆ రసాయనాలు వేడికి అరిగిపోతాయి. అందుకే నూనె మార్చాలి. కొన్ని కార్ల కంపెనీలు దీన్ని జీవితకాలపు నూనె అంటాయి కానీ, ఎవరి జీవితకాలమో చెప్పవు. గేర్‌బాక్స్‌లు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే తన వాటికి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటోంది. నేను గేర్‌బాక్స్ తయారీదారు మాటకే ఓటేస్తాను.

ఎలా మార్చాలన్నదే గొడవ. డ్రెయిన్ బోల్టు విప్పితే పాన్‌లోని, అంటే అడుగు తొట్టిలోని, నూనె మాత్రమే దిగుతుంది, మిగతాది ఇంజన్ బలాన్ని ద్రవంతో అందించే టార్క్ కన్వర్టర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. మొత్తం ఎనిమిది లీటర్లలో నాలుగు దిగాయనుకుందాం. ఒకసారికి సగం కొత్తది, కొన్నాళ్లు నడిపి మళ్లీ మారిస్తే ముప్పావు వంతు, మూడోసారికి 87 శాతం దాటుతుంది. ఫ్లష్ అయితే కూలర్ పైపుకు యంత్రం తగిలించి ఒకే విడతలో దాదాపు అంతా తోసేస్తారు. కానీ పాన్ విప్పకుండా ఫ్లష్ చేస్తే ఫిల్టర్ పాతదే, అడుగున అయస్కాంతాలకు పట్టిన బూడిదరంగు మడ్డి ఎలా ఉందో చూసే వీలూ పోతుంది. మెత్తని మడ్డి మామూలే. లోహపు ముక్కలు తగిలితే మాత్రం నూనె మార్పుతో పని జరగదు.

ఫ్లష్ చేయించాకే గేర్‌బాక్స్ పోయిందని చెప్పేవాళ్లు చాలామందే. నిజమే కావచ్చు. అయితే గేరు జారడం మొదలయ్యాకే చాలామంది షెడ్డుకు వస్తారు, నింద కొత్త నూనె మీద పడుతుంది. లక్ష కిలోమీటర్లు దాటినా ఎన్నడూ మార్చని బండికి ఒత్తిడితో తోసే యంత్రం కన్నా పాన్ విప్పి, ఫిల్టర్ మార్చి, విడతలవారీగా నింపడమే నాకు నచ్చుతుంది. సరైన నూనె, సరైన మట్టం ముఖ్యం. చాలా కొత్త గేర్‌బాక్స్‌లకు కొలకర్ర ఉండదు. ఇంజన్ నడుస్తుండగా నూనె వేడి సుమారు 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, పక్క బోల్టు విప్పి, ధార సన్నబడి చుక్కలయ్యాక బిగిస్తారు. ఎంత వేడి అన్నది బండిని బట్టి మారుతుంది.

2014లో సెలెరియోతో మన రోడ్లమీద మొదలైన ఏఎంటీ కార్లకు ఈ పంచాయితీ లేదు. వాటిలో ఉండేది మామూలు గేర్‌బాక్సే, కాకపోతే క్లచ్ తొక్కి గేరు మార్చే పని యంత్రానికి అప్పగించారు. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ కారుకు దాని ద్రవం వేరు. మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారే ప్రమాదం ఉంది.