యాసను దాచుకుంటే పాటెక్కడిది?

"అబ్బ, ఆ గోల కాస్త తగ్గించరా!" వంటింట్లోంచి అరిచాను. మావాడు ఆదివారం పాటలు పెడితే పటాన్‌చెరులోని మా ఇంటి కిటికీ అద్దాలు అదురుతాయి.

"గోల కాదమ్మా, ర్యాప్. గుడీ మాబ్ వాళ్ల 'సోల్ ఫుడ్'. ఒక్కసారి కూచుని విను" అన్నాడు.

పొయ్యి కట్టేసి కూచున్నాను. మాటలు సగం అర్థం కాలేదు. కానీ అడుగున గుండెను తట్టే మోత, మీద చర్చి భజనలాంటి గొంతులు, బొంగురు గొంతుతో ఎవరో చెప్పుకునే గోడు... లేవబుద్ధి కాలేదు.

1995లో అమెరికా దక్షిణాన అట్లాంటాలో పుట్టిన ఆల్బం అది. ఆ కుర్రాళ్లంతా చేరి పాటలు కట్టుకున్నది ఓ తల్లి ఇంటి కింది సెల్లార్లో! అదే ఏడాది న్యూయార్క్‌లో వీళ్ల సహచరులు అవుట్‌కాస్ట్‌కి అవార్డిస్తే సభలో జనం గేలి చేశారు. దక్షిణాది వాళ్లంటే అక్కడ మోటు మనుషులన్న చులకన. ఈ ఆల్బంలోని ఓ పాట పేరే 'డర్టీ సౌత్'. మురికి దక్షిణం అన్నమాట. తర్వాత ఆ ప్రాంతపు ర్యాప్‌కంతా ఆ పేరే నిలిచింది.

నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. భక్తి క్యాసెట్ల వెనకాల పేరు రాయని క్యాసెట్ ఒకటి దాచేవారు. తలుపు వేసి, సౌండు తగ్గించి పెట్టేవారు. డప్పు, గజ్జెలు, గద్దర్ గొంతు! మన మెదక్ జిల్లా తూప్రాన్ బిడ్డ. బ్యాంకు ఉద్యోగం వదిలి, గొంగడి కప్పుకుని ఊరూరా ఆడి పాడినవాడు. కూలికెళ్లే ఆడవాళ్ల కష్టం కూలి మాటల్లోనే పాడినవాడు. 1995లోనే 'ఒరేయ్ రిక్షా' సినిమాకు ఆయన రాసిన అన్నాచెల్లెళ్ల పాట విని మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకునేది. 1997 ఏప్రిల్ 6న ఆయనపై కాల్పులు జరిగాయని తెలిసి నాన్న అన్నం ముట్టలేదు. ఒంట్లో దిగిన తూటాతోనే 2023 ఆగస్టు దాకా బతికారాయన.

ఫోన్లో ఆయన పాట పెట్టాను. మావాడు చెవులు రిక్కించి, "అమ్మా, అచ్చం అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంది!" అన్నాడు.

నా గుండెలో కలుక్కుమంది. పోయిన నెలే "నా ఫ్రెండ్స్ ముందు మాట్లాడకు అమ్మమ్మా" అన్నది వీడే. అమ్మ ఏమీ అనలేదు. "సరే బిడ్డా" అని లోపలికెళ్లింది. నేనూ వాణ్ణి కోప్పడలేదు. ఏ మొహంతో కోప్పడను? నా కథల్లో తల్లులంతా "ఎక్కడికి వెళ్తున్నావు?" అనే అంటారు. మా అమ్మ ఎన్నడూ అట్లా అడగలేదు. "ఏడికి వోతున్నవ్ బిడ్డా?" అనే అడిగింది. సినిమాల్లో ఏళ్ల తరబడి మన యాసను రౌడీకీ, కమెడియన్‌కీ అంటగడితే నొచ్చుకున్నదాన్నే, నా కథలోకి మాత్రం రానివ్వలేదు.

అట్లాంటా కుర్రాళ్లు గేలిని లెక్కచేయలేదు. గద్దర్ అసలే లెక్కచేయలేదు. అందుకే ఆ పాటలు నిలిచాయి.

ఆ సాయంత్రం మావాడు అమ్మ పక్కన చేరి, "అమ్మమ్మా, నీకు పాటలొస్తయా?" అని అడిగాడు. నాట్లప్పుడు పాడుకున్న పాట ఎత్తుకుందామె. వాడు బల్ల మీద దరువేశాడు. ఈసారి సౌండు తగ్గించమని నేననలేదు.

మీ ఇంట్లోనూ అలాంటి గొంతు ఒకటి ఉండే ఉంటుంది. ఎన్నాళ్లయింది మీరు విని?