చేపల తొట్టి హీటరు నీరు తగ్గితే ఎందుకు పగులుతుంది?

చేపల తొట్టి హీటరులోని గాజు గొట్టంలో కరెంటుకు వేడెక్కే తీగచుట్ట ఉంటుంది; దాని వేడిని చుట్టూ ఉన్న నీరు ఎప్పటికప్పుడు గ్రహిస్తుంది కాబట్టి గాజు మితిమీరి కాగదు. తొట్టి కడిగేటప్పుడు నీటిమట్టం తగ్గి హీటరు బయటపడితే, గాలి వేడిని నీరంత వేగంగా తీసుకుపోలేదు కనుక, గాజు చెయ్యి కాలేంతగా వేడెక్కుతుంది. అసలు ముప్పు ఆ తరువాతే: వెలుగుతున్న లాంతరు చిమ్నీపై చన్నీటి చుక్క పడినట్లు, మళ్లీ నీళ్లు పోయగానే గాజు పైపొర చప్పున ముడుచుకొని, లోపలి పొర ఇంకా వ్యాకోచించి, అంటే వేడికి సాగి, ఉండటంతో గొట్టం పగలవచ్చు, ఆ పగులులోంచి నీరు తీగను తాకితే, తొట్టిలో చెయ్యి పెట్టినవారికి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. అందువల్ల పెద్దలు ముందుగా ప్లగ్గు తీసి, హీటరును గాలిలోనే పూర్తిగా చల్లారనిచ్చి, బీటలేమీ లేవని చూశాకే నీటిలో ఉంచాలి. సన్నని గీతంత బీట కనిపించినా, హీటరును అతికించి వాడే ప్రయత్నం మాని, పారవేయవలసిందే.