ఊరు కదల్లేదు, చిరునామా కదిలింది

చింతూరు ప్రాంతపు గిరిజన రైతు ఇంట్లో తాతలనాటి కాగితం తీస్తే జిల్లా తూర్పుగోదావరి అని ఉంటుంది. తండ్రి కాగితంలో ఖమ్మం. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పుగోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరిట చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలనూ, భద్రాచలం పట్టణాన్ని మినహాయించి చుట్టుపట్ల పల్లెలనూ ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. చింతూరు మళ్లీ తూర్పుగోదావరి అయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. పిన్‌కోడు మాత్రం ఖమ్మం నాటి 507తోనే ఉండిపోయింది. శబరి ఒడ్డున ఆ ఊరు ఉన్నచోటే ఉంది.

కాగితాలన్నీ ఇప్పుడు కంప్యూటరుకెక్కాయి. పిన్‌ను చూసి రాష్ట్రాన్ని ఊహించే ప్రోగ్రామైతే ఈ రైతును తెలంగాణలో వేస్తుంది. జిల్లా పేరు చూసి ఆంధ్రలో వేస్తుంది. రెండూ పొసగకపోతే “చిరునామా తప్పు” అని తిప్పికొడుతుంది. పరిహారం అడగబోయినవాడికి “నీ వివరాలు కలవటంలేదు, రేపు రావయ్యా” అన్న జవాబు దొరుకుతుంది. ఆ రేపటి కోసం ఒక రోజు కూలీ, బస్సు చార్జీ పోతాయి.

ఈ చిక్కును విప్పే సాధనం లేకపోలేదు. చిరునామాలోని మాటలను భూమ్మీద ఒక బిందువుగా, అంటే అక్షాంశ రేఖాంశాల అంకెలుగా మార్చే పద్ధతిని జియోకోడింగ్ అంటారు. తిరగేసి కూడా వాడవచ్చు: పొలంలో నిలబడి తీసిన అంకెలిస్తే, అవి ఏ గ్రామం హద్దులో పడతాయో చెబుతుంది. ములుగు జిల్లాలో రామప్ప గుడి పక్కన వెంకటాపూర్ మండలముంది, గోదావరి అవతల వెంకటాపురం మండలముంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క ముక్క జారితే ఇక్కడి రైతు అక్కడికి చేరతాడు. బిందువును పటంమీద పెట్టి చూస్తే అలాంటి పొరపాటు ఇట్టే బయటపడుతుంది. జిల్లాల పేర్లు ఎన్నిసార్లు మారినా అంకెలు మారవు గనుక పాత రికార్డును కొత్తదానితో కలపటానికీ అదే తాడు. ఇది మంచి పనే, జరగాల్సిన పనే.

అయితే మన్యంలో చిరునామా ఎలా ఉంటుంది? డోరు నెంబరుండదు, వీధి పేరుండదు. ఫలానా గుంపు, వాగు అవతల, ఇప్పచెట్టు దగ్గర - అంతే. ఆ గుంపు పేరు పటంలో లేకపోతే యంత్రం “నాకు తెలీదు” అని ఊరుకోదు. పంచాయతీకో, మండలానికో నట్టనడిమి బిందువు పట్టుకొని అదే జవాబుగా ఇస్తుంది. “ఇది సుమారు మాత్రమే” అన్న గుర్తు పక్కన ఉన్నా గుమాస్తా చూడకపోతే పది గుంపుల జనమంతా ఒకే చుక్కమీద కాపురమున్నట్టు రికార్డవుతుంది. ఆ చుక్క రిజర్వు ఫారెస్టులో పడిందా, పోడు రైతు ఆక్రమణదారు అవుతాడు!

పాలకులు మరచిపోతున్న సంగతి ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రాల వంటి సాంకేతిక సాధనాలు ఇతర సాక్ష్యానికి తోడుగా ఉండవచ్చునే గాని, దాని స్థానాన్ని ఆక్రమించరాదని చెప్పాయి. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. పొలం ఎక్కడుందో యంత్రం ఒకటి, గ్రామసభ మరొకటి చెబితే అధికారి కుర్చీలోంచి లేచి పొలానికి పోవాలి.

2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ విడుదల చేసింది. దేశాన్ని దాదాపు నాలుగేసి మీటర్ల గళ్లుగా కోసి ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చింది. డోరు నెంబరు లేని గూడేనికి ఇది పనికొచ్చేదే. కానీ గుర్తు తీయాల్సింది గుడిసె గుమ్మంలో, చేను గట్టున. కచేరీ బల్లమీద కాదు.

మేము అడిగేది పెద్ద ఖర్చు పనేం కాదు. దిద్దేముందు పాత చిరునామా చెరిపేయకుండా ఏ సంవత్సరం దాకా చెల్లిందో రాసి ఉంచండి. సుమారు బిందువులన్నీ విడిగా తీసి, రైతును వెంటబెట్టుకొని పోయి కొలవండి. దిద్దిన జాబితా తెలుగులో అచ్చువేసి, కోయ తెలిసినవారిచేత గ్రామసభలో చదివించండి. అభ్యంతరం చెప్పటానికి గడువివ్వండి. అందాకా చిరునామా కలవలేదన్న సాకుతో ఒక్క అర్జీ కూడా కొట్టేయకండి.