ఆపరేషన్ అయిన పెద్దవారికి విరేచనం కాకపోతే

తుంటి ఎముకకో, హెర్నియాకో ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్ళిన పెద్దవారిని కుట్ల నొప్పికంటే మలబద్ధకమే ఎక్కువ బాధపెట్టడం మామూలే. సిగ్గుపడి చెప్పరు. దొడ్డికి వెళ్ళవలసి వస్తుందని అన్నం, నీళ్ళు తగ్గించుకుంటారు. దానితో మలం మరింత గట్టిపడుతుంది. కనుక మీరే రోజూ అడిగి తెలుసుకోవాలి.

ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు ప్రేగుల కదలికను తగ్గిస్తాయి. ఐరన్, క్యాల్షియం మాత్రలతోనూ కొందరికి మలం గట్టిపడుతుంది. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరుగారికి చెప్పండి. అవసరమైతే లాక్టులోజ్ వంటి సిరప్ రాస్తారు.

ఇక పథ్యం సంగతి. పప్పు, కూరలు తింటే చీము పడుతుందని మన ఇళ్ళలో వారాల తరబడి చారన్నం, బ్రెడ్డుతో సరిపెడతారు. ఇది నిజం కాదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, విరేచనానికి పీచు కావాలి. మన తీరంలో దొరికే చేపలు మంచి ఆహారమే, కానీ చేపలో పీచు ఉండదు. తెల్లటి సన్నబియ్యంలోనూ తక్కువే. మామూలు భోజనం పెట్టవచ్చని డాక్టరు చెప్పాక చేపల పులుసుతోపాటు తోటకూర, బీరకాయ, పప్పు పెట్టండి. బొప్పాయి, జామ మంచివి (షుగరు ఉంటే కొద్దిగా). గుండె, కిడ్నీ జబ్బు లేనివారికి రోజుకు 6 నుండి 8 గ్లాసుల నీళ్ళు అవసరం. ఉక్కపోత రోజుల్లో ఇంకా కావాలి. నీళ్ళు తాగించకుండా ఇసబ్‌గోల్ ఇస్తే మేలుకంటే కీడే ఎక్కువ.

తుంటి ఆపరేషన్ అయినవారు గొంతుక్కూర్చోకూడదు. కమోడ్ కుర్చీ తెచ్చి, చీర అడ్డం కట్టి, ఉదయం టిఫిన్ తిన్న అరగంటకు కూర్చోబెట్టండి. తొందరపెట్టవద్దు. ముక్కితే కుట్లపై ఒత్తిడి పడుతుంది. డాక్టరు ఒప్పుకుంటే వసారాలో నాలుగడుగులు నడిపించండి.

కొందరికి రోజుల తరబడి విరేచనం కాక, తరువాత కొద్దికొద్దిగా నీళ్ళలా కారుతుంది. విరేచనాలు పట్టుకున్నాయని కట్టే మాత్ర వేస్తే ప్రమాదం. లోపల గట్టిపడిన మలం చుట్టూ నీరు జారుతున్నదేమో పరీక్ష చేయించాలి. ఆముదం, సబ్బునీళ్ళ ఎనిమా ఇంట్లో ప్రయోగించవద్దు.

3 రోజులు విరేచనం కాకపోతే డాక్టరును అడగండి. పొట్ట ఉబ్బి, గాలి కూడా పోక, వాంతులవుతుంటే ప్రేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగవద్దు. నోటికి ఏమీ ఇవ్వకుండా, డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మాత్రలన్నీ తీసుకుని వెంటనే ఆసుపత్రికి రండి.