విషపు నేలపై వెలుగు పంట

పాడైన నేల ఎవరికీ అక్కరలేదు. అది పంటకు పనికిరాదు. ఇల్లు కట్టుకుందామంటే భయం. పశువులను తోలుదామంటే అంతకన్నా భయం. అట్టి నేలనుంచి దీపం వెలిగించవచ్చునా? వెలిగించవచ్చునన్నచో, అందుకు ప్రజల సొమ్ము ఖర్చు పెట్టడం న్యాయమేనా? ఈ రెండు ప్రశ్నలను మేము ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

మొదటి ప్రశ్నకు జవాబు అమెరికాలోని బ్రాక్టన్ పట్టణం చెప్పింది. అక్కడ పూర్వం బొగ్గునుంచి గ్యాసు తీసే కర్మాగారం ఒకటి ఉండేది. అది మూతపడినా, దాని తారు మడ్డి నేలలో మిగిలిపోయింది. ఆ స్థలాన్ని బాగుచేసి, పైన మంచి మట్టి కప్పి, 2006లో 425 కిలోవాట్ల సౌర విద్యుత్కేంద్రం నెలకొల్పారు. ఖర్చు సుమారు 30 లక్షల డాలర్లు. అందులో సగానికి కొంచెం పైగా పట్టణ పురపాలక సంఘం బాండ్లద్వారా అప్పు తెచ్చింది. తక్కినది చాలవరకు రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల గ్రాంటు.

ఇందులో ఒక మెలకువ ఉన్నది. కప్పిన మట్టిని తవ్వితే అడుగున అణచిన విషం మళ్ళీ పైకి వస్తుంది. అందుచేత ఇట్టి చోట్ల స్తంభాలు పాతకుండా, బరువైన కాంక్రీటు దిమ్మలమీద పలకలను నిలుపుతారు. తీగలను నేలపైనే నడుపుతారు. ఖర్చు పెరుగుతుంది. ప్రభుత్వ సహాయం అవసరమయ్యేది ఇందుకే. లాభమూ లేకపోలేదు: పాత కర్మాగారాల దగ్గర రోడ్డు, కరెంటు లైను తరచు ముందే ఉంటాయి, రైతు పొలం పోదు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2008లో ఇందుకు ప్రత్యేకంగా ఒక కార్యక్రమం ఆరంభించింది. 2022నాటి చట్టం ఇట్టి నేలలకు పన్ను రాయితీ హెచ్చించింది. 2025లో వచ్చిన మరొక చట్టం సౌర, పవన విద్యుత్తుల రాయితీలకు గడువు కుదించింది. ప్రభుత్వపు చేయి చాచినట్లే ఉండి ముడుచుకోవడమూ కద్దు!

ఇక మన ఇంటి సంగతి. కోలారు బంగారు గనులలో చెమటోడ్చిన కుటుంబాలలో తెలుగువారెందరో ఉన్నారు. శివసముద్రంలో కావేరి జలపాతంనుంచి తీసిన కరెంటు 1902లో మొదట చేరింది ఆ గనులకే. నీటినుంచి పుట్టిన వెలుగు ఆనాడే అక్కడికి వచ్చినది! గనులు 2001లో మూతపడ్డాయి. రాతిని పిండిచేసి సైనైడుతో బంగారం తీయగా మిగిలిన మట్టి 13 దిబ్బలుగా, మూడు కోట్ల టన్నులకు పైగా నిలిచి ఉన్నది. వేసవి గాలికి ఆ దుమ్ము ఇళ్ళలో పడుతుంది. ఆ దిబ్బలనుంచి మిగిలిన బంగారం తీయడానికి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది.

బంగారం తీసిన పిమ్మట ఆ నేల ఏమి కావాలి? సౌర పలకలు పరచవచ్చునని తోచడం సహజమే. అయితే వదులు దిబ్బమీద పలక నిలవదు. ముందు వాలు సరిచేయాలి, దుమ్మును కట్టడి చేయాలి, వాన నీరు విషాన్ని చెరువుల్లోకి మోయకుండా చూడాలి. పలకలు విషాన్ని కడగవు. కప్పిన నేలను వృథా పోనీయకుండా వాడుకుంటాయి, అంతే.

రెండవ ప్రశ్నకు మా జవాబు ఇది. ప్రజాధనం వెచ్చించవచ్చును, కాని మూడు షరతులమీద. నేలను పాడుచేసినవారు దొరికితే శుభ్రపరచే ఖర్చు వారే భరించాలి. ప్రభుత్వ గ్రాంటు వారికి తప్పించుకునే దొడ్డిదారి కారాదు. పలకలకన్నా ముందు పొరుగువారి ఆరోగ్యం చూడాలి. వచ్చిన కరెంటులోను, పనిలోను ఆ దుమ్ము పీల్చినవారికి మొదటి వాటా దక్కాలి.

బంగారం ఊరు దాటిపోయింది, దుమ్ము ఊరికి మిగిలింది. రేపటి వెలుగైనా ఊరు దాటకముందు ఆ ఇళ్ళలో వెలగాలని మా కోరిక.