సియాల్దా బడి మేడ మీది హరివిల్లు

క్రైస్తవ మిషన్లు బాలికల కోసం నడిపే వసతి గృహాలు తెలుగునాట కొత్తవి కావు. అటువంటి హాస్టళ్లలో చదివి ఉపాధ్యాయినులుగా, నర్సులుగా స్థిరపడిన స్త్రీలు కోస్తా జిల్లాల్లో ఎందరో ఉన్నారు. కోల్‌కతాలోని సియాల్దా లొరెటో పాఠశాలలో రూపుదిద్దుకున్న ‘రెయిన్‌బో’ గృహం కూడా ఆ కోవలోనిదే. అయితే అక్కడ వీధి బాలికల నివాసాన్ని వేరే ఆవరణలో కట్టకుండా, ఫీజు కట్టే కుటుంబాల పిల్లలు చదివే బడిలోనే, ఆ బడి మేడ మీదనే ఏర్పరచారు.

లొరెటో అనేది కాథలిక్ సన్యాసినుల సంఘం. ఐర్లాండ్ నుంచి 1841 చివర కోల్‌కతా చేరిన ఈ సోదరీమణులు నగరంలో అనేక బాలికా పాఠశాలలు స్థాపించారు; మదర్ థెరీసా సొంత సంఘాన్ని ప్రారంభించక ముందు ఎంటాలీలోని వీరి ఆవరణలోనే ఉపాధ్యాయిని. 1857 నాటి సియాల్దా పాఠశాలకు 1979లో ప్రధానోపాధ్యాయిని అయిన సిస్టర్ సిరిల్ మూనీ, బడిలోని పేద పిల్లల సంఖ్యను ఏటేటా పెంచుతూ పోగా, కాలక్రమంలో సుమారు 1,400 మంది విద్యార్థినుల్లో సగం మంది ఫీజు లేకుండా చదివేవారయ్యారు. 1985లో ఆమె రైల్వే స్టేషను పరిసరాల కాలిబాటలపై బతికే పిల్లలకు బడి గేటు తెరిపించారు.

పగలు అక్షరాలు దిద్దిన పిల్ల రాత్రి మళ్లీ కాలిబాట మీదే పడుకోవలసి వస్తే, ముఖ్యంగా ఎదిగే ఆడపిల్లకు, ఆ చదువు నిలవదు. అందువల్ల ఈ గృహం పిల్లలకు మొదట ఇచ్చేది భయం లేని నిద్ర. తిండి, స్నానం, వైద్యం, చదువు దాని వెంట వస్తాయి. పిల్లలు ఉదయం లేచి తమ పనులు తామే చేసుకొని అల్పాహారం తీసుకున్నాక, తరగతికి తగిన స్థాయి వచ్చినవారు యూనిఫారం తొడుక్కొని మెట్లు దిగి మామూలు తరగతుల్లో కూర్చుంటారు. బడి ముఖమే ఎరుగని పిల్లలు మాత్రం పైనే ఉండి, వయసుకు తగిన తరగతిని అందుకొనేందుకు ముందుగా ఇచ్చే శిక్షణ, అంటే తెలుగువారికి పరిచితమైన బ్రిడ్జి కోర్సు వంటిది, పొందుతారు. వీరికి చదువు చెప్పేవారిలో ఐదో తరగతి, ఆపై తరగతుల విద్యార్థినులు కూడా ఉంటారు. కార్యానుభవం పీరియడులో వంతులవారీగా పైకి వచ్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్ల పక్కన కూర్చొని చదివిస్తారు. సంపన్న కుటుంబపు బాలికకూ కాలిబాట బాలికకూ మధ్య ఇంత దగ్గరితనం కల్పించడం పుస్తకాలిచ్చే దానం కంటే ఎంతో విలువైన పని. సాయంత్రం ఆటలు, హోంవర్కు, భోజనం ముగిశాక రాత్రి పరుపులు పరుస్తారు. గృహం నడిపేది క్రైస్తవ సన్యాసినులే అయినా, అక్కడి పిల్లల్లో హిందువులూ ముస్లిములూ ఉన్నారు.

సిస్టర్ సిరిల్‌కు 2007లో పద్మశ్రీ లభించింది. 2023లో ఆమె కోల్‌కతాలో కన్నుమూశారు. ఆమె నమూనా అప్పటికే హైదరాబాదుకు చేరి, అమన్ వేదిక సంస్థ ఆధ్వర్యంలో ప్రభుత్వ పాఠశాలల భవనాల్లోనే రెయిన్‌బో గృహాలు వెలిశాయి. ఆఖరి గంట మోగాక తాళం పడే బడి గదులు తెలుగు పట్టణాలన్నింటా ఉన్నాయి. వాటిలో కొన్నింటినైనా కాలిబాటల మీది ఆడపిల్లల కోసం తెరవాలని పాఠకులు తమ ఊరి పాఠశాలల యాజమాన్యాలను, విద్యాధికారులను గట్టిగా అడగాలి.