మిరపకు కారం ఎందుకు?

ఆకును, కాండాన్ని కాపాడుకోవడానికి మొక్క చేదునో విషాన్నో తయారుచేసుకుంటే అందులో వింతేమీ లేదు. పొగాకు ఆకులోని నికోటిన్, వేపలోని అజాడిరాక్టిన్ పురుగులను దూరంగా ఉంచుతాయి. పండు సంగతి వేరు. గింజలను మోసుకెళ్లి దూరాన పడేసినందుకు జంతువులకు మొక్క ఇచ్చే కూలి అది. ఎవరో ఒకరు తినాలనే అది రంగు తిరుగుతుంది, మెత్తబడుతుంది. అడవి మిరప కూడా అలాగే ఎర్రగా పండి పిలుస్తుంది, తీరా కొరికితే నోరు మండిస్తుంది. కూలి ఇస్తూనే కొట్టి తరమడం ఏమిటి? ఈ చిక్కుముడి విప్పితే మొక్కల రసాయన రక్షణ తీరే బోధపడుతుంది. అది వచ్చినవారందరినీ అడ్డగించే గోడ కాదు. ఫలానా శత్రువు కోసం, మొక్కలోని ఫలానా చోట, కొంత నష్టానికి ఓర్చి చేసుకున్న ఏర్పాటు.

కారానికి మూలం క్యాప్సైసిన్, దాని దగ్గరి రసాయనాలు. కారమంతా గింజల్లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు కానీ, ఇది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తని భాగంలో. మన నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ఉంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని పసిగట్టడం దాని పని. క్యాప్సైసిన్ వెళ్లి దానికి అతుక్కుంటే, ఏమీ కాలకపోయినా కాలినట్టే మెదడుకు కబురు అందుతుంది. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021 వైద్య నోబెల్ బహుమతిని అందుకున్నవారిలో ఒకరు. పక్షులకూ ఈ ప్రొటీన్ ఉంది, వేడిని గుర్తిస్తుంది కూడా. కానీ దాని నిర్మాణంలో ఉన్న చిన్న తేడా వల్ల క్యాప్సైసిన్‌కు స్పందించదు. చిలుక పచ్చిమిరపకాయను హాయిగా తినేది అందుకే. ఈ తేడా మిరపకు ఎలా కలిసొచ్చిందో 2001లో జాషువా ట్యూక్స్‌బరీ, గ్యారీ నభాన్ అనే పరిశోధకులు చూపించారు. అరిజోనాలో అడవి మిరపపండ్లను తింటున్నది పక్షులే, ఎలుకజాతి జంతువులు వాటి జోలికి పోలేదు. కారంలేని మిరపను రెండింటికీ పెట్టి చూస్తే, పక్షుల కడుపులోంచి బయటపడ్డ గింజలు మొలిచాయి, ఎలుకలు నమిలినవి మొలవలేదు. అంటే కారం గింజల్ని మోసేవారిని రానిస్తూ, నాశనం చేసేవారిని మాత్రమే ఆపుతోంది.

ఇదంతా కాకతాళీయం కావచ్చు కదా, క్యాప్సైసిన్ వేరే పనుల మధ్య పుట్టిన పనికిరాని పదార్థమేమో అనే సందేహం న్యాయమైనదే. దానికి జవాబు బొలీవియా అడవుల్లో దొరికింది. అక్కడ ఒకే జాతి అడవి మిరపలో కారం ఉన్న మొక్కలూ, లేని మొక్కలూ పక్కపక్కనే పెరుగుతాయి. రసం పీల్చే పురుగులు కాయకు గుచ్చిన గాయాల గుండా ఫ్యుజేరియం శిలీంధ్రం లోపలికి చేరి గింజల్ని చంపుతుంది. ఆ శిలీంధ్రం పెరుగుదలను క్యాప్సైసిన్ అడ్డుకుంటుందనీ, ఆ పురుగుల బెడద ఎక్కువున్న చోట కారపు మొక్కల వాటా కూడా ఎక్కువనీ 2008లో ట్యూక్స్‌బరీ బృందం తేల్చింది. ఉత్తపుణ్యానికి పుట్టిన పదార్థమైతే శత్రువు ఉన్న చోటును బట్టి ఇలా హెచ్చుతగ్గులు ఉండవు.

అంత మేలు చేసేదైతే అన్ని మొక్కలకూ కారం ఎందుకు లేదు? ఈ రక్షణ ఊరికే రాదు కాబట్టి. నీరు చాలనప్పుడు కారపు మొక్కలు, కారంలేని వాటితో పోలిస్తే దాదాపు సగం గింజలే ఇచ్చాయని 2012 నాటి పరిశోధన చెబుతోంది. తడి ఉన్న చోట శిలీంధ్రం పెద్ద ముప్పు, అక్కడ కారం గిట్టుబాటవుతుంది. పొడినేలల్లో శిలీంధ్రం తక్కువ, నీటి కొరత ఎక్కువ, కాబట్టి కారంలేని మొక్కదే పైచేయి. ఇందులో మొక్క ఆలోచనేమీ లేదు. ఎక్కువ గింజలు మిగిల్చిన వంశమే నిలబడుతుంది, అంతే.

మనిషీ ఎలుకలాగే క్షీరదమే, మరి ఇంత ఇష్టంగా ఎలా తింటున్నాడని అడగవచ్చు. మంట వల్ల ఒళ్లు కాలదని అనుభవంతో నేర్చుకుని ఆ రుచికి అలవాటుపడ్డాడు. పైగా కారం మనిషిని ఆపడానికి పుట్టినది కాదు, అతడు అమెరికా గడ్డపై అడుగు పెట్టక ముందే మిరపలో కారం పుట్టింది. పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చేనాటికి మిరప వేల ఏళ్లుగా సాగులో ఉన్న పంట. ఇంకో అభ్యంతరం గుంటూరు, ఖమ్మం రైతుల అనుభవం నుంచి వస్తుంది. ఇంత ఘాటున్న పంటను 2021లో తామరపురుగు అంతలా ఎలా దెబ్బతీసింది? కాయకుళ్లు ఎందుకు వస్తోంది? క్యాప్సైసిన్ పోగయ్యేది కాయ లోపల, తామరపురుగు పడేది పూత మీద, లేత ఆకుల మీద. కాయకుళ్లు తెచ్చేది శిలీంధ్రమే అయినా, శిలీంధ్రాలన్నీ క్యాప్సైసిన్‌కు ఒకేలా లొంగవు. ఇవి మొదట చెప్పిన వాదనకు అడ్డు రాకపోగా దాన్నే బలపరుస్తున్నాయి.

అందుకే ఘాటును చూసి పంటకు రక్షణ ఉందని భరోసా పెట్టుకోకూడదు. మొక్కలోని ఏ రసాయనం గురించైనా అది ఎవరిని ఆపుతుంది, ఎక్కడ ఉంటుంది, అందుకు మొక్క ఏమి కోల్పోతుంది అని విడివిడిగా అడగాలి. ఒక్కో శత్రువును ఒక్కో రకంగా ఎదుర్కొనే గుణాలు అడవి మిరపల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని పోగొట్టుకోకుండా కాపాడుకుంటేనే రేపటి తెగుళ్లకు తట్టుకునే వంగడాలను తయారుచేసుకునే వీలుంటుంది.